మారిషస్ విదేశాంగ మంత్రులు: చేతులు మారుతూ వచ్చిన ఒక ఫైలు

ముందు మీకు ఒక పేరు చెప్తాను. సీతన్న లచ్మీనారాయుడు. ఈ పేరు వినగానే మీకు ఏం గుర్తొచ్చింది? విజయనగరం వైపో, శ్రీకాకుళం వైపో ఒక ఊరి పెద్దమనిషి గుర్తొచ్చాడు కదా! ఈయన 2016 మార్చి నుంచి 2019 మార్చి దాకా ఒక ఆఫ్రికా దేశానికి విదేశాంగ మంత్రి. ఆ దేశం మారిషస్. అక్కడ జనం ఆయన్ని విష్ణు అని పిలుస్తారు.

ఆ పేరుని వాళ్లు రాసే స్పెల్లింగ్ చూస్తే మనం గుర్తుపట్టలేం. ఫ్రెంచ్, ఇంగ్లీష్ కలిపి రాసిన స్పెల్లింగ్ అది. కానీ గట్టిగా పైకి చదివితే మాత్రం లచ్చుమి వినిపిస్తుంది, నారాయుడు వినిపిస్తుంది. లక్ష్మి కాదు, లచ్చుమి. ఊళ్లో పలికినట్టే రిజిస్టర్‌లోకి ఎక్కిపోయింది అన్నమాట.

ఈ ఎపిసోడ్‌లో మారిషస్‌కి 1968 నుంచి ఇప్పటిదాకా విదేశాంగ మంత్రులుగా ఎవరెవరు వచ్చారో చూద్దాం. పేర్లు చదివి ఊరుకుంటే అది జీకే క్లాస్ అవుతుంది. అందుకే ఒక ప్రశ్న పట్టుకుని వెళ్దాం. ఇన్నేళ్లలో దాదాపు 20 మంది ఆ కుర్చీలో కూర్చున్నారు. అందులో చాలామంది ఒకరికొకరు బద్ధ శత్రువులు. అయినా ఒక ఫైలు మాత్రం మొదటి రోజు నుంచి చివరిదాకా మూతపడకుండా నడిచింది, లండన్‌ని హేగ్ కోర్టు దాకా లాక్కెళ్లింది. అదెలా సాధ్యమైంది? ఇది మొదటి ప్రశ్న. ఆ ఫైలు ఎవరి కోసం తెరిచారో వాళ్లకి చివరికి ఏం దక్కింది? ఇది రెండోది, ఇంకా ముఖ్యమైనది.

ముందు మనకి కొలత తెలియాలి. మారిషస్ విస్తీర్ణం 2,040 చదరపు కిలోమీటర్లు. విడగొట్టక ముందు మన కృష్ణా జిల్లా 8,727. అంటే పాత కృష్ణా జిల్లాలో నాలుగో వంతు కూడా లేదు. జనాభా 12 లక్షల పైచిలుకు. మన విజయవాడ నగరం ఒక్కటే 2011 లెక్కల్లో 10 లక్షలు దాటింది. ఇంత చిన్న దేశం, సైన్యం అంటూ లేని దేశం. అలాంటి దేశానికి విదేశాంగ మంత్రి దగ్గర ఉండే ఆయుధం మాటే, దానికి తోడు కాగితం.

అక్కడికి మనవాళ్లు ఎలా వెళ్లారు? 1834 తర్వాత బ్రిటిష్ వాళ్లు బానిసత్వం రద్దు చేసి, చెరుకు తోటల్లో పనికి ఇండియా నుంచి ఒప్పందం కూలీలను తీసుకెళ్లడం మొదలుపెట్టారు. మొత్తం దాదాపు 4,50,000 మంది వెళ్లారు. ఎక్కువమంది బీహార్ వైపు వాళ్లు. మన తీరం నుంచి కూడా ఓడలు వెళ్లాయి, కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి. 1839 తుఫానులో సముద్రం పొంగి ఆ రేవుని ముంచేసింది, కానీ పేరు మాత్రం సముద్రం దాటిపోయింది. మారిషస్‌లో తెలుగువాళ్లని కోరంగీలు అనేవాళ్లు, బర్మాలోనూ అంతే. ఈ రోజుకీ మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు. 1990 డిసెంబర్‌లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు నేర్పుతారు. ఉయ్యూరు చెరుకు తోటల పక్కన పెరిగిన మనిషిని తీసుకెళ్లి పోర్ట్ లూయిస్ బయట దింపితే, పొలం చూసి కొత్త అనుకోడు.

ఇప్పుడు ఫైలు దగ్గరికి వద్దాం. దాని పేరు చాగోస్.

మారిషస్‌కి ఈశాన్యంగా, హిందూ మహాసముద్రం మధ్యలో 50కి పైగా చిన్న చిన్న దీవుల గుంపు ఉంది. అన్నిటికంటే పెద్దది డియెగో గార్సియా. మ్యాప్ మీద కొలిస్తే విజయవాడ నుంచి దక్షిణ నైరుతి దిశగా సూటిగా సుమారు 2,800 కిలోమీటర్లు. బ్రిటిష్ వాళ్లు ఈ దీవులని మారిషస్‌లో భాగంగానే పాలించారు. అక్కడ కొబ్బరి తోటలు ఉండేవి. కొబ్బరి ఎండబెట్టి నూనెకి పంపడం, చేపలు పట్టడం, ఇదే జీవితం. తరతరాలుగా అక్కడే పుట్టి అక్కడే పోయిన మనుషులు, 1,500 నుంచి 2,000 మంది దాకా.

1960ల్లో అమెరికాకి హిందూ మహాసముద్రంలో ఒక సైనిక స్థావరం కావాల్సి వచ్చింది. 1965 సెప్టెంబర్‌లో లండన్‌లోని లాంకాస్టర్ హౌస్‌లో మారిషస్ స్వాతంత్ర్యం మీద చర్చలు. సెప్టెంబర్ 23న బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్, మారిషస్ నాయకుడు శివసాగర్ రామ్‌గులామ్ విడిగా కూర్చున్నారు. తేలింది ఏంటంటే, చాగోస్ విడిపోతుంది, మారిషస్‌కి 30 లక్షల పౌండ్లు వస్తాయి. నవంబర్ 8న బ్రిటన్ చాగోస్‌ని విడగొట్టి కొత్త కాలనీ చేసింది. డిసెంబర్ 16న ఐక్యరాజ్యసమితి, కాలనీని ముక్కలు చేయొద్దని 2066 నంబర్ తీర్మానం పెట్టింది. బ్రిటన్ పట్టించుకోలేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. అప్పటికి మారిషస్ ఇంకా కాలనీనే. రామ్‌గులామ్ ఒప్పుకున్నాడు అనొచ్చా? జైల్లో ఉన్నవాడితో, బయటికి పంపిస్తాం, ఈ పొలం కాగితం మీద సంతకం పెట్టు అంటే, ఆ సంతకాన్ని ఒప్పుకోలు అంటామా? ఈ ప్రశ్న మీదే తర్వాత 50 ఏళ్లు కేసు నడిచింది.

1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. మొదట విదేశాంగం ప్రధాని రామ్‌గులామ్ దగ్గరే ఉంది. 1969లో దాన్ని గాయెటన్ డ్యువాల్‌కి ఇచ్చారు. ఈయన ఎవరో తెలుసా? 1967 ఎన్నికల్లో మాకు స్వాతంత్ర్యం వద్దు అని ప్రచారం చేసిన పార్టీ నాయకుడు! ఆ ఎన్నికల్లో ఆయన పార్టీకి దాదాపు 44 శాతం ఓట్లు వచ్చాయి. దేశం పుట్టొద్దు అన్న మనిషే ఆ దేశం తరఫున ప్రపంచం ముందు నిలబడ్డాడు. ఎందుకంటే రామ్‌గులామ్‌కి సంకీర్ణం కావాలి. సగం మంది ప్రజలు పరాయివాళ్లలా మిగిలిపోతే కొత్త దేశం నిలబడదు. డ్యువాల్ ఫ్రాన్స్ వైపు, దక్షిణాఫ్రికా వైపు చూశాడు, టూరిజం తెచ్చాడు. 1973 చివర్లో సంకీర్ణం చెడింది, ఆయన బయటికి వెళ్లాడు.

ఆ రెండు మూడు మాటల్లోనే మారిషస్ విదేశాంగ శాఖ మొత్తం ఉంది. ఆ కుర్చీని సంకీర్ణం లెక్కలు చూసి ఇస్తారు. మనకి ఇది కొత్తా? 2019లో మన ఆంధ్రప్రదేశ్‌లో ఐదుగురు ఉప ముఖ్యమంత్రుల్ని పెట్టినప్పుడు టీవీల్లో ఏ వర్గానికి ఏది అని లెక్కలు వేసుకుంటూ కూర్చోలేదా? మారిషస్‌లో కూడా క్యాబినెట్ రోజున అదే చర్చ. హిందీ వాళ్లకి ఎన్ని, తమిళులకి ఎన్ని, తెలుగువాళ్లకి ఎవరు, మరాఠీ వాళ్లకి ఎవరు, ముస్లింలకి, క్రియోల్ జనానికి ఎన్ని.

డ్యువాల్ పోయాక కొన్నాళ్లు మళ్లీ రామ్‌గులామే చూసుకున్నాడు. 1975లో యూరప్‌తో లోమే ఒప్పందం కింద చక్కెర ప్రొటోకాల్ వచ్చింది. ఏటా సుమారు 5 లక్షల టన్నుల చక్కెర గ్యారంటీ ధరకి యూరప్ కొంటుంది. ఆ లిస్టులో ఉన్న దేశాలన్నిటిలోకీ పెద్ద వాటా మారిషస్‌దే. చెరుకు రైతుకి గ్యారంటీ ధర అంటే ఏంటో మన డెల్టా వాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ ధర 2009 దాకా ఆ దేశాన్ని మోసింది.

1976 నుంచి 1982 దాకా హెరాల్డ్ వాల్టర్. 1976లో ఆఫ్రికా ఐక్యతా సంస్థ శిఖరాగ్ర సమావేశం పోర్ట్ లూయిస్‌లోనే జరిగింది. 1977, 78లో మారిషస్ భద్రతా మండలిలో కూర్చుంది. 1980లో ఆఫ్రికా దేశాలన్నీ కలిసి డియెగో గార్సియాని తిరిగి ఇవ్వాలని తీర్మానించాయి. ఫైలులో మొదటి బరువైన కాగితం ఇదే అనుకోవచ్చు. ఒక్క దేశం గొడవ, ఖండం గొడవ అయింది.

కానీ ఈలోపు దీవుల్లో ఏం జరిగింది? 1968 నుంచి 1973 లోపు చాగోస్ జనం మొత్తాన్ని ఖాళీ చేయించారు. వైద్యం కోసం మారిషస్ వచ్చినవాళ్లని, ఇక వెనక్కి ఓడ లేదు అన్నారు. దీవులకి సరుకులు తగ్గించారు. వాళ్ల పెంపుడు కుక్కల్ని గ్యాస్‌తో చంపేశారు. చివరికి ఓడ ఎక్కించి మారిషస్‌లో, సీషెల్స్‌లో దింపారు. ఇల్లు లేదు, పని లేదు. కొబ్బరి తోట తప్ప ఇంకేదీ తెలియని మనిషిని పోర్ట్ లూయిస్ మురికివాడలో వదిలేస్తే ఎలా బతుకుతాడు?

1982 జూన్‌లో మారిషస్‌లో ఎన్నికలు. ప్రధాన ద్వీపంలోని 60కి 60 సీట్లు ప్రతిపక్షమే గెలిచింది. యువకుడు జాన్ క్లోడ్ ద లెస్ట్రాక్ విదేశాంగ మంత్రి అయ్యాడు. ఆ జూలైలోనే బ్రిటన్‌తో ఒప్పందం కుదిరింది. చాగోస్ జనానికి 40 లక్షల పౌండ్ల పరిహారం. దాంతోపాటు వాళ్ల చేత కాగితాల మీద వేలిముద్రలు వేయించారు. ఆ కాగితాలు ఇంగ్లీషులో, లాయర్ల భాషలో ఉన్నాయి. అందులో ఉన్న సారాంశం, మేం తిరిగి వెళ్లే హక్కు వదులుకుంటున్నాం అని. వేలిముద్ర వేసినవాళ్లలో చాలామందికి అది తెలియదు. పునరావాసం చెక్కు చేతిలో పెట్టి, చదవడం రాని కాగితం మీద వేలిముద్ర తీసుకోవడం అనే పద్ధతి మన ప్రాజెక్టుల ముంపు గ్రామాల్లో ఎవరిని అడిగినా వాళ్లకి అర్థమవుతుంది.

అదే ప్రభుత్వం ఇంకో పని కూడా చేసింది. అసలు 1965లో ఏం జరిగింది అని పార్లమెంటు కమిటీ వేసింది. 1983 జూన్‌లో నివేదిక వచ్చింది. ఆ రోజు దాని వల్ల ఏమీ జరగలేదు. కానీ ఫైలులోకి చేరింది.

ఇక్కడి నుంచి కుర్చీ గిర్రున తిరిగింది. 1983లో అనిల్ గాయన్. 1986లో కొద్ది నెలలు మదన్ దుల్లూ. తర్వాత 1990 దాకా సత్‌కామ్ బూలెల్. 1990లో మళ్లీ ద లెస్ట్రాక్. 1991లో పోల్ బెరాంజే. 1993లో ప్రధానితో గొడవై ఆయన్ని తీసేస్తే స్వాలే కసెనలీ, ఆ తర్వాత రామ్‌దత్‌సింగ్ జాదూ. 1995లో ఇంకో కూటమి, ఇంకో 60కి 60, మళ్లీ బెరాంజే. 1997లో మళ్లీ ఉద్వాసన! ఆయన స్థానంలో రాజ్‌కేశ్వర్ పుర్యాగ్. ఈ పుర్యాగ్ తర్వాత దేశాధ్యక్షుడయ్యి, 2013లో బీహార్‌లోని తన పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ వచ్చాడు.

నేను సాఫ్ట్‌వేర్‌లో పని చేసేటప్పుడు ప్రొడక్షన్ సపోర్ట్‌లో ఒక రకం టికెట్లు ఉండేవి. ఏళ్ల తరబడి ఓపెన్‌లో ఉంటాయి. మనిషి మారతాడు, హ్యాండోవర్ నోట్ రాస్తాడు, కొత్తవాడు తీసుకుంటాడు. ఎవరూ దాన్ని పరిష్కరించలేరు, కానీ క్లోజ్ బటన్ నొక్కడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలదు. చాగోస్ అలాంటి టికెట్. రామ్‌గులామ్ దాన్ని మొదలుపెట్టాడు కాబట్టి ఆయన పార్టీ మూయలేదు. ప్రతిపక్షం దాని మీదే రామ్‌గులామ్‌ని తిట్టింది కాబట్టి, గెలిచాక వాళ్లూ మూయలేరు. శత్రుత్వమే దాన్ని బతికించింది అంటే నమ్ముతారా?

2000 తర్వాత ఆట వేరు. మళ్లీ అనిల్ గాయన్ మంత్రి. 2001, 2002లో మారిషస్ రెండోసారి భద్రతా మండలిలో ఉంది. అప్పుడే ఇరాక్ మీద అమెరికా తీర్మానం. మారిషస్ బట్టల ఎగుమతులకి అమెరికా మార్కెట్ కావాలి. ఆ సుంకాల రాయితీ చట్టం మీద పెద్ద సమావేశం 2003 జనవరిలో పోర్ట్ లూయిస్‌లోనే జరగబోతోంది. అలాంటి సమయంలో, 2002 నవంబర్‌లో, అమెరికా తీర్మానానికి తగినంత మద్దతుగా మాట్లాడలేదని న్యూయార్క్‌లోని తన రాయబారి జగదీశ్ కూన్‌జుల్‌ని మారిషస్ వెనక్కి పిలిపించింది. చిన్న దేశం స్వతంత్రంగా మాట్లాడాలంటే ఎంత ఖర్చవుతుందో చెప్పే ఘటన ఇది. ఈ కూన్‌జుల్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

2003లో పోల్ బెరాంజే ప్రధాని అయ్యాడు, జయేన్ కత్తరీ విదేశాంగ మంత్రి. 2004లో బెరాంజేకి ఒక ఆలోచన వచ్చింది. అంతర్జాతీయ న్యాయస్థానంలో బ్రిటన్ మీద మారిషస్ నేరుగా కేసు వేయలేదు. ఎందుకంటే కామన్వెల్త్ సభ్య దేశాలు తన మీద వేసే కేసులకి ఒప్పుకోనని బ్రిటన్ ముందే రాసిపెట్టుకుంది. సరే, కామన్వెల్త్ నుంచి బయటికి వచ్చేస్తాం, అప్పుడు వేస్తాం అన్నాడు బెరాంజే. బ్రిటన్ ఏం చేసిందో తెలుసా? వెంటనే ఆ షరతు మార్చి, ఇప్పటి సభ్యులే కాదు, ఒకప్పటి సభ్యులు కూడా కుదరదు అని రాసేసింది. బగ్ దొరికింది అని మీరు చెప్పిన వెంటనే అవతలివాడు ప్యాచ్ చేసేసినట్టు.

తలుపు మూసుకుపోయింది. అయితే మారిషస్ కిటికీలు వెతకడం మొదలుపెట్టింది.

2005లో మదన్ దుల్లూ మళ్లీ వచ్చాడు, 2008లో ఆయన్నీ తీసేశారు. కొన్ని నెలలు ప్రధాని నవీన్ రామ్‌గులామ్, ఆ తర్వాత 2014 దాకా అర్విన్ బూలెల్. ఈ అర్విన్ ఎవరంటే, ఇందాక చెప్పిన సత్‌కామ్ బూలెల్ కొడుకు. తండ్రి కూర్చున్న కుర్చీలోనే కొడుకు. 2010 ఏప్రిల్ 1న బ్రిటన్ చాగోస్ చుట్టూ సముద్ర రక్షిత ప్రాంతం ప్రకటించింది. చేపలు పట్టకూడదు, పగడాలు కాపాడాలి. వినడానికి బాగుంది. కానీ చేపలు పట్టకుండా అక్కడ మనుషులు ఎలా బతుకుతారు? అంటే ఇక ఎవరూ తిరిగి రాకుండా ఉండే ఏర్పాటు. బూలెల్ హయాంలో, 2010 డిసెంబర్‌లో, మారిషస్ సముద్ర చట్టం ఒప్పందం కింద ట్రిబ్యునల్‌కి వెళ్లింది. కామన్వెల్త్ షరతు ఇక్కడ పనిచేయదు. ఇదీ కిటికీ. 2015 మార్చి 18న తీర్పు వచ్చేసరికి పోర్ట్ లూయిస్‌లో ప్రభుత్వం మారింది, మంత్రి ఎతియెన్ సినాతాంబూ. ఆ రక్షిత ప్రాంతం చట్టవిరుద్ధం అని ట్రిబ్యునల్ తేల్చింది. ఒకాయన వేసిన కేసు, ఇంకొకాయన చేతికి తీర్పు.

ఇప్పుడు మన లచ్మీనారాయుడి దగ్గరికి వచ్చాం.

ఆయన అసలు పేరు తెచ్చుకుంది ఆర్థిక మంత్రిగా. 1983 నుంచి 1990 దాకా, మారిషస్ చెరుకు మీద నుంచి బట్టల ఫ్యాక్టరీల వైపు మళ్లిన రోజుల్లో, ఖజానా ఆయన చేతిలో ఉంది. 2014 చివర్లో మళ్లీ ఆర్థిక మంత్రి. 2016 మార్చిలో శాఖ మార్చి విదేశాంగం ఇచ్చారు. అంటే ఆ కుర్చీ ఆయన కోరుకుని వెళ్లింది కాదు, క్యాబినెట్ సర్దుబాట్లలో వచ్చింది. వచ్చిన రెండు నెలలకే, మే 10న, ఇండియాతో 1982 నాటి పన్నుల ఒప్పందాన్ని సవరించారు. మన షేర్ మార్కెట్‌లోకి మారిషస్ దారిలో వచ్చే డబ్బుకి ఉన్న పన్ను మినహాయింపు దాంతో పోయింది. ఆ 1982 ఒప్పందం కుదిరినప్పుడు ఇండియా విదేశాంగ మంత్రి ఎవరో తెలుసా? మన పీవీ నరసింహారావు గారే.

2017 జూన్ 22న ఐక్యరాజ్యసమితిలో ఓటింగ్. చాగోస్‌ని విడగొట్టడం మీద అంతర్జాతీయ న్యాయస్థానం సలహా అడగాలా వద్దా? ఇది కేసు కాదు, సలహా అడగడం. కాబట్టి బ్రిటన్ ఒప్పుకోవాల్సిన పని లేదు. ఇంకో కిటికీ. అనుకూలం 94, వ్యతిరేకం 15, తటస్థం 65. ఇండియా మారిషస్ పక్షాన ఓటేసింది. బ్రెగ్జిట్ తర్వాత రోజులు కదా, ఫ్రాన్స్, జర్మనీ లాంటి యూరప్ దేశాలు బ్రిటన్‌కి ఓటు వేయకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాయి. న్యూయార్క్‌లో మారిషస్ రాయబారి ఎవరు? 2002లో వెనక్కి పిలిపించుకున్న అదే జగదీశ్ కూన్‌జుల్.

2018 సెప్టెంబర్‌లో హేగ్‌లో వాదనలు. 2019 ఫిబ్రవరి 25న 13–1 మెజారిటీతో న్యాయస్థానం చెప్పింది, 1965లో విడగొట్టడం చెల్లదు, బ్రిటన్ వీలైనంత త్వరగా అక్కడి నుంచి తప్పుకోవాలి. కాలనీగా ఉన్నప్పుడు తీసుకున్న ఆ ఒప్పుకోలు ప్రజల స్వేచ్ఛాయుత ఇష్టం కాదు అని తేల్చింది. ఆ నెల తిరక్కుండానే, మార్చిలో, లచ్మీనారాయుడు రాజీనామా చేసి వెళ్లిపోయాడు. మే 22న ఐక్యరాజ్యసమితి 116–6తో ఆ సలహాని ఆమోదించేసరికి కుర్చీలో నందకుమార్ బోధా ఉన్నాడు.

ఇప్పుడు కామెంట్లలో ఏం వస్తుందో నాకు తెలుసు. తెలుగోడి దెబ్బ, మనోడు బ్రిటన్‌ని ఓడించాడు అని! నాకూ ఆ పేరు చూస్తే ఛాతీ కాస్త పొంగుతుంది, కాదనను. కానీ నిజం చెప్పాలంటే, ఐక్యరాజ్యసమితిలో ఆ రోజు మారిషస్ తరఫున మాట్లాడింది, హేగ్‌లో నిలబడింది సీనియర్ నాయకుడు అనిరుధ్ జగన్నాథ్. 1965 లాంకాస్టర్ హౌస్ చర్చలకి వెళ్లిన ప్రతినిధి బృందంలో ఆయనా ఉన్నాడు, కాబట్టి ఆయన మాటకి సాక్షి బరువు ఉంది. వెనక పని చేసింది రాయబారులు, ప్రభుత్వ న్యాయవాదులు. వాళ్ల దగ్గర ఉన్నది 1965 నాటి కాగితాలు, 1980 తీర్మానం, 1983 కమిటీ నివేదిక, 2015 తీర్పు. ఒక్కొక్కటీ ఒక్కో మంత్రి కాలంలో చేరినవి. లచ్మీనారాయుడు ఆ గొలుసులో ఒక లింకు. అది తక్కువేం కాదు, కానీ గొలుసు అంతా ఆయనే అనడం మిగతా వాళ్లకి అన్యాయం.

మన దగ్గర తహసీల్దార్ ఆఫీసుకి వెళ్లినవాళ్లకి తెలుసు. ఆఫీసర్ మారితే ఫైలు మొదటికి వస్తుంది. ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుంది, శంకుస్థాపన రాయి మారుతుంది. అమరావతి సంగతి నేను మళ్లీ చెప్పక్కర్లేదు. అలాంటి చోటు నుంచి చూస్తే, 60కి 60 గెలిచి పాతవాళ్లని తుడిచిపెట్టిన ప్రభుత్వాలు కూడా ఒక ఫైలుని మాత్రం ముట్టుకోకుండా ముందుకి నడిపించాయి అంటే, నాకు ఆశ్చర్యమేస్తుంది.

మిగతా కథ త్వరగా చెప్పేస్తాను. 2021లో బోధా తప్పుకుని అలన్ గానూ వచ్చాడు. 2022 ఫిబ్రవరిలో మారిషస్ వాళ్లు ఓడ వేసుకుని చాగోస్‌లోని పెరోస్ బాన్యోస్ దీవికి వెళ్లి జెండా ఎగరేశారు. ఆ బృందంలో కూన్‌జుల్ ఉన్నాడు. 2024 అక్టోబర్ 3న చాగోస్ మీద హక్కు మారిషస్‌దే అని బ్రిటన్ ఒప్పుకుంటున్నట్టు ప్రకటన వచ్చింది. నెల తిరిగేసరికి ఎన్నికలు, మళ్లీ 60కి 60, ప్రభుత్వం మారింది. కొత్త విదేశాంగ మంత్రి ధనంజయ్ రాంఫుల్. కొత్త ప్రధాని నవీన్ రామ్‌గులామ్ షరతులు మళ్లీ చూడాలన్నాడు. 2025 మే 22న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దాని ప్రకారం డియెగో గార్సియా స్థావరం 99 ఏళ్ల లీజు మీద బ్రిటన్ దగ్గరే ఉండాలి, ఏటా సగటున 10.1 కోట్ల పౌండ్లు కట్టాలి. మారిషస్ తరఫున సంతకం పెట్టింది నవీన్ రామ్‌గులామ్. 1965లో 30 లక్షల పౌండ్లకి తలూపాల్సి వచ్చిన శివసాగర్ రామ్‌గులామ్ కొడుకు.

ఇక్కడ ఆపేస్తే మంచి సినిమా క్లైమాక్స్. కానీ నా రెండో ప్రశ్న మిగిలే ఉంది. చాగోస్ జనానికి ఏం దక్కింది?

ఈ మొత్తం కథలో దేశాలు మాట్లాడాయి, మంత్రులు మాట్లాడారు. ఆ దీవుల్లో పుట్టినవాళ్లు చర్చల బల్ల దగ్గర ఎప్పుడూ ఒక పక్షంగా లేరు. వాళ్లు విడిగా, వాళ్ల ఓపికతో లండన్ కోర్టుల్లో పోరాడారు. ఒలివియే బాంకూల్ నాయకత్వంలో 2000 నవంబర్‌లో గెలిచారు. 2004లో బ్రిటన్ రాణి పేరుతో ఉత్తర్వు తెచ్చి ఆ గెలుపుని రద్దు చేసింది. 2008లో అత్యున్నత స్థాయిలో 3–2తో ఓడిపోయారు. కొత్త ఒప్పందం ప్రకారం మిగతా దీవుల్లో మారిషస్ పునరావాసం కల్పించవచ్చు, డియెగో గార్సియాలో మాత్రం కుదరదు. కానీ చాలామంది పుట్టింది డియెగో గార్సియాలోనే. ఇంగ్లండ్‌లోని క్రాలీలో స్థిరపడ్డ చాగోస్ కుటుంబాల్లో చాలామంది, మమ్మల్ని అడగకుండా మా ఊరి గురించి మీరెలా సంతకం పెడతారు అంటున్నారు. సంతకాల రోజు తెల్లవారుజామున కూడా లండన్ హైకోర్టు తాత్కాలికంగా ఆపింది, మధ్యాహ్నానికి ఎత్తేసింది. 1965 గురించి మారిషస్ బ్రిటన్‌ని అడిగిన ప్రశ్నే ఇప్పుడు వాళ్లు మారిషస్‌ని అడుగుతున్నారు.

ఇండియాకి కూడా ఇందులో పని ఉంది. మనం ఐక్యరాజ్యసమితిలో మారిషస్‌కి ఓటేశాం. అదే మారిషస్‌కి చెందిన అగలేగా దీవిలో మనం రన్‌వే, జెట్టీ కట్టాం, 2024 ఫిబ్రవరి 29న ప్రారంభించారు. అగలేగా జనం ఏమనుకుంటున్నారో కూడా వినడం మన బాధ్యత. చాగోస్ కథ తెలిసినవాళ్లకి ఆ భయం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసు.

కాబట్టి నా లెక్క ఇది. దేశానికి పోయిన దీవి తిరిగి రావాలంటే ఫైలు బతకాలి. 20 మంది మంత్రులు, పడని పార్టీలు కలిసి దాన్ని బతికించారు, అందుకు మారిషస్‌ని మెచ్చుకోవాలి. కానీ ఫైలు మీద పేరున్న మనుషులు ముసలివాళ్లైపోయారు, చాలామంది పోయారు. వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని రాయాల్సిన కాగితం, వాళ్లు లేకుండానే రాశారు. గెలుపు నిజమే, ఆ లోటు కూడా నిజమే. రెండూ చెప్పకపోతే చరిత్ర చెప్పినట్టు కాదు.

మీ ఇంట్లో ఎవరైనా కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి మారిషస్, బర్మా, ఫిజీ వెళ్లిన కథలుంటే కామెంట్లలో రాయండి. ముఖ్యంగా పేర్లు రాయండి, అక్కడికెళ్లాక ఎలా మారిపోయాయో. వాటి మీద ఒక ఎపిసోడ్ చేద్దాం.